అన్నం కలిపిన చెయ్యి

మొదటి ముద్ద మింగి హేమసుందరి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎదురుగా మొగుడు అప్పలస్వామి గిన్నె పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు. గిన్నెలో ఉన్నది మెత్తటి పెసరపప్పన్నం. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె తింటున్నదే, కొత్త వస్తువేమీ కాదు. అప్పలస్వామి దాన్ని చెంచాతో బాగా నలిపి పెట్టాడు, అంతే.

"దిగిందేటి?" అన్నాడు.

ఆమె చెయ్యెత్తి ఆగమంది. రొమ్ము ఎముక వెనక చిన్నగా టక్కుమనాలి. ఎక్కిలి రాబోయి ఆగిపోయినట్టుంటుంది. లోపల తలుపు తెరుచుకుందని అదే గుర్తు. ఆ టక్కు రాలేదు. గుండెల మధ్య ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు బరువు మొదలైంది. నోట్లో ఉమ్మి చిక్కగా, నురగగా, ఆగకుండా ఊరడం మొదలెట్టింది. లేచి బేసిన్ దగ్గరికి వెళ్ళేసరికి ముద్ద ముద్దగానే బయటికొచ్చేసింది.

"తొందరపడి మింగీసుంటావు."

"ఇడ్లీ ముక్కని కూడా నీళ్ళయ్యేదాకా నములుతున్నాను. నేను తొందరపడ్డమేటండీ?" అంది హేమసుందరి. గట్టిగానే అని, కుళాయి తిప్పి బేసిన్ కడిగింది.

సాయంత్రం రాగిజావ ఇచ్చాడు. అదీ వెనక్కి వచ్చింది. మంచినీళ్ళు మాత్రం ఎప్పట్లాగే దిగాయి. ఆ ఇంట్లో కింద వాటాలో హేమసుందరి వాళ్ళూ, మేడ మీద మరిది కనకరాజు కుటుంబమూ ఉంటారు. కనకరాజు భార్య నీలవేణి పాలకొండలో పెళ్ళికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే దిగి, సంచీ గుమ్మంలో పడేసి, "అదేటక్కా, మొహం అలాగ పీక్కుపోయింది?" అంటూ చేతులు కడుక్కుని, అదే పప్పు, అదే అన్నం వేళ్ళతో పిసికి పెట్టింది. హేమసుందరి భయపడుతూ మింగింది.

టక్.

అప్పలస్వామి గట్టిగా నవ్వీసి, "నా చెంచాదే తప్పు," అన్నాడు. హేమసుందరి నవ్వలేకపోయింది. ఆకలితో ఉన్న మనిషి కాబట్టి ముందు తినీసింది. తినడం అయ్యాక మాత్రం గిన్నె వంకా, నీలవేణి చేతి వంకా చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆమె ఆపరేషన్‌కి ఒప్పుకోవడం సరదాకి కాదు. ఆటోలో ఆమె ఎక్కితే పక్కన ఇంకొకరికి చోటుండేది కాదు, దానికి ఆవిడే ముందుగా జోకులు వేసి నవ్వించేది. నిద్రలో ఊపిరి ఆగిపోవడం మొదలయ్యాక జోకులు తగ్గాయి. అప్పలస్వామి విశాఖ పోర్టులో క్రేన్ నడుపుతాడు. టన్నుల లెక్కన ఇనుప ఖనిజం ఎత్తే మనిషి, పక్కన పడుకున్న పెళ్ళానికి ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే స్థితికి వచ్చాడు. అప్పుడే ఎవరో పరిశోధనలు చేసే ఒక ఆస్పత్రి సంగతి చెప్పారు.

మామూలుగా బరువు తగ్గించే ఆపరేషన్లలో పొట్టను కోసి చిన్నది చేస్తారు. కొన్నాళ్ళకి మనిషి మళ్ళీ చిరుతిళ్ళకి దిగుతాడు, పొట్ట మళ్ళీ సాగుతుంది. అక్కడి డాక్టర్ సుభాషిణి దీనికి విరుగుడు కనిపెట్టానంది. తన ప్రయోగశాలకి తీసుకెళ్ళి ఒక గాజుపళ్ళెం చూపించింది. అందులో పల్చటి ద్రవంలో రూపాయి బిళ్ళంత గులాబీ రంగు పొర ఒకటి తేలుతోంది.

"ఇది మీదే. మీ బుగ్గ లోపల్నుంచి గీకి తీసిన కణాలతో పెంచాం," అంది డాక్టరు. పక్కనే ఇంకో పళ్ళెంలో అలాంటిదే, ఇంకెవరిదో, పొర ఉంది. దానికి కొన్నాళ్ళుగా పప్పుకట్టు అలవాటు చేశారట. దాని మీద ఒక చుక్క నూనెలో వేగిన పిండి వేస్తే కదల్లేదు. పప్పుకట్టు చుక్క వెయ్యగానే మధ్యలో చేపనోరులా తెరుచుకుంది. హేమసుందరి ఒళ్ళు జలదరించింది.

"పొట్ట మొదట్లో దీన్ని అంటిస్తాం. మొదటి వారాల్లో మీరేం తింటే అదే భోజనమని నేర్చుకుంటుంది. తర్వాత తెలిసినదానికే, అదీ కొంచెమే, తలుపు తీస్తుంది. మీరు మైసూర్‌పాక్ మింగినా అది ఒప్పుకోదు."

"దానికి నాకంటే బుద్ధెక్కువన్నమాట," అంది హేమసుందరి. డాక్టరు నవ్వింది. ఇంట్లో అందరూ దాన్ని తలుపు అనే పిలవడం మొదలెట్టారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి తిండే కుదరలేదు. ముందు నీళ్ళు, ఆ తర్వాత పప్పుకట్టూ జావా, ఆ పైన అన్నీ మిక్సీలో వేసి గుజ్జు చేసి, నీళ్ళలో మరిగించిన స్టీలు చెంచాతో పెట్టాలని చెప్పి పంపారు. ఆ మిక్సీ గుజ్జు చూస్తేనే హేమసుందరికి వికారం పుట్టేది. గోడకి కొట్టే లప్పంలా ఉందని ఏడ్చేది. కూతురికి రాయగడలో అప్పుడే నెల తప్పింది, రాలేదు. అప్పలస్వామికి షిఫ్టులు. ఆఖరికి ఒకరోజు నీలవేణి మేడ దిగి వచ్చి, ఆ గుజ్జు పారబోసి, అన్నంలో పప్పు వేసి, తన పిల్లలకి పెట్టినట్టు వేళ్ళతో వెన్నలాగ మెదిపి, గోరంత ముద్ద చేసి నోట్లో పెట్టింది.

ఆ ముద్ద తిన్నాక హేమసుందరికి ఏడుపు ఆగలేదు. నీలవేణి కాపురానికొచ్చిన పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పోపు గరిట ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషి ఆవిడ. పండగలకీ పబ్బాలకీ నీలవేణిని కూరలు తరగడానికీ గిన్నెలు సర్దడానికీ తప్ప పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ పిల్ల ఇవేమీ మనసులో పెట్టుకోకుండా పూటపూటా దిగొచ్చి పిసికి పెట్టింది. జావలో ఉండలు కడితే అవీ వేళ్ళతోనే చిదిమింది. చెంచా సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు బాగా తింటున్నారా అని అడిగితే బాగా తింటున్నానంది. చేత్తో కలిపారా అని అడగాలని వాళ్ళకి తోచలేదు, చెప్పాలని వీళ్ళకీ తోచలేదు. అన్నం చేత్తో కలుపుకోవడం కూడా ఒకరికి చెప్పాల్సిన సంగతేనా!

పాలకొండ పెళ్ళి తర్వాత ఇంకో రెండు సార్లు అలాగే జరిగింది. నీలవేణి లేని పూట తలుపు తియ్యలేదు. దాంతో ముగ్గురూ కలిసి డాక్టర్ సుభాషిణి దగ్గరికి వెళ్ళారు.

డాక్టరు అంతా వింది. ఒకే కుక్కర్‌లో పప్పూ అన్నం వండించి గిన్నెల్లో సర్దింది. ఒకటి చెంచాతో కలిపారు. ఒకటి నర్సు చేత్తో, ఒకటి డాక్టరే స్వయంగా, ఒకటి అప్పలస్వామి. ఒకటి హేమసుందరి తన చేత్తో కలుపుకుంది. ఆఖరిది నీలవేణి. గిన్నెలన్నీ తెర వెనక పెట్టి, ఏది ఎవరిదో చెప్పకుండా ఒక్కో ముద్దా ఇచ్చారు. పొద్దున్నుంచి ఆ గది కిటికీలోంచి సముద్రం మీద ఓడలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె మాత్రం మింగడం, నురగ కక్కుకోవడం, మొహం కడుక్కోవడం, మళ్ళీ కూర్చోవడం. తన సొంత చెయ్యి కలిపిన ముద్ద కూడా తిరిగొచ్చేసింది. మధ్యాహ్నానికి ఒక్క ముద్ద దిగింది. అది ఎవరిదో తెర తియ్యకుండానే అందరికీ తెలిసిపోయింది.

డాక్టరు మొహం తెల్లబోయింది. ఆ మొహం చూశాకే హేమసుందరికి నిజమైన భయం పట్టుకుంది.

"మనిషి చర్మం మీద కంటికి కనబడని జీవులు కోట్ల కొద్దీ ఉంటాయమ్మా," అంది డాక్టర్ సుభాషిణి నెమ్మదిగా. "ఎవరి చేతివి వాళ్ళవి. తలుపు నేర్చుకునే రోజుల్లో కూరలు మారాయి, పప్పులు మారాయి. మారనిది ఈవిడ చెయ్యొక్కటే. అందుకని అది ఉన్నదే భోజనం అనుకుంది. మీ చేతివి మీ ఒంటివే కాబట్టి దానికి లెక్కలోకి రావు."

"మరి మాకు ముందెందుకు చెప్పలేదు?" అన్నాడు అప్పలస్వామి.

"చెంచాతో పెట్టమన్నాం. ఎందుకో చెప్పలేదు. మేమూ క్యాంటీన్లో చేత్తోనే తింటాం, బాబూ. అయినా ఒక్కరికీ తట్టలేదు."  తలుపుని కోసి తీసేద్దామంటే కుదరదట. అది పొట్టగోడలో కలిసిపోయింది. గొట్టం దూరిస్తే చిరిగి లోపల రక్తం కారుతుందట. నరంలోంచి ఎక్కించే ఆహారం కొన్ని వారాలకి పనికొస్తుంది గాని ఎల్లకాలం లివరు తట్టుకోదట. "ప్రస్తుతానికి ఈవిడ కలిపి పెడుతూ ఉండండి. ఏదో దారి చూస్తాను."

 తిరిగొచ్చేటప్పుడు కారులో నీలవేణి తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి కప్పుకుని కూర్చుంది.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఆ చెయ్యి ఒక మనిషికంటే ఎక్కువైపోయింది. నీలవేణి గిన్నెలు తోమకూడదు. వాసన సబ్బు వాడకూడదు. స్కూటీ తియ్యకూడదు, పుట్టింటికెళ్ళినా పొద్దు గుంకేలోపు వచ్చెయ్యాలి. ఈ నియమాలన్నీ ఆస్పత్రి పెట్టినవి కావు, హేమసుందరి భయం పెట్టినవి. నీలవేణి కత్తిపీట ముందు కూర్చుంటే ఈవిడ వచ్చి, "నేను తరుగుతాను, నువ్వు లే," అంటూ లాక్కునేది. పన్నెండేళ్ళు ఆ పిల్ల చేత తరిగించిన కూరలన్నీ ఇప్పుడు తనే తరిగింది. మనిషి సగమైంది, మోకాళ్ళు నొప్పి మానేశాయి, వీధిలో వాళ్ళు గుర్తుపట్టలేకపోతున్నారు. ఆ సంతోషం ఆమెకి ఒక్క పూట కూడా దక్కలేదు. ప్రతి ముద్దకీ ఆ టక్కు కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేది.

ఈలోగా కనకరాజుకి పార్వతీపురం బదిలీ అయింది. కుటుంబంతో వెళ్ళాలి. వెళ్తామని అతను అనలేదు, వద్దని వీళ్ళూ అనలేదు. అతను ఒక్కడే వెళ్ళి గది తీసుకుని, ఆదివారాలు వచ్చి పోతున్నాడు. వచ్చినప్పుడు వదినకి నమస్కారం పెట్టి, "బాగున్నారా," అని అడిగేవాడు. ఆ గొంతులో కోపం ఉన్నా హేమసుందరి భరించేది. కోపం లేకపోవడమే ఆమెకి కష్టంగా ఉండేది.

ఒక ఆదివారం నీలవేణి మొగుడు వచ్చాడని వడియాలు వేయిస్తోంది. హేమసుందరి మేడ మెట్లెక్కి వెళ్ళేసరికి మూకుడులో నూనె పొగలు కక్కుతోంది, ఆ పిల్ల చెయ్యి దాని మీదుగా చిల్లుల గరిట కోసం సాగి ఉంది.

"ఓసి నీ! నీకేం చెప్పాను?" అని అరుస్తూ వెళ్ళి ఈవిడ మూకుడు చెవి పట్టి పక్కకి లాగింది. మూకుడు ఒరిగింది. నూనె సగం గట్టు మీదా, సగం నీలవేణి కుడిచేతి మీదా పడింది.

ఆ కేక హేమసుందరి చెవుల్లోంచి చాలాకాలం పోలేదు.

చేతికి కట్టు కట్టారు. పుండు చీము పట్టకుండా పూతలూ మాత్రలూ ఇచ్చారు. ఆ మందులు చర్మం మీది జీవుల్లో మంచీ చెడ్డా చూడవని డాక్టర్ సుభాషిణి ఫోన్లోనే చెప్పింది. హేమసుందరి ఆ పూట ముద్ద అడగడానికి సిగ్గుపడింది. నీలవేణే లేచి వచ్చింది. కుడిచెయ్యి మెడకి వేలాడుతుంటే ఎడమచేత్తో అన్నం కలిపింది. ఆ ఇంట్లో ఎడమచేత్తో ఎవరైనా మంచినీళ్ళ గ్లాసు అందించినా అంతెత్తున లేచే హేమసుందరి, ఆ చెయ్యి ముందు నోరు తెరిచింది. దిగలేదు. రెండోదీ దిగలేదు. మూడోది బేసిన్‌లో పడ్డాక ఇద్దరూ అక్కడే నేల మీద కూలబడిపోయారు.

"నా వల్లే," అంది హేమసుందరి.

"ఊరుకో అక్కా. నొప్పిగా ఉంది, మాట్లాడించకు," అంది నీలవేణి.

ఆస్పత్రిలో చేర్చారు. మెడ దగ్గర నరంలోంచి తెల్లటి ద్రవం ఎక్కించారు. కడుపు ఖాళీగా ఉండి ఒంట్లోకి తిండి చేరడం ఎలా ఉంటుందో హేమసుందరి ఎవరికీ చెప్పలేకపోయింది. ఆకలి తీరదు, పోదు. జుట్టు చేతికి ఊడి వచ్చేది. లివరు పరీక్ష అంకెలు చూసి డాక్టర్లు బయటికెళ్ళి మాట్లాడుకునేవారు. నీలవేణి రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని కట్టు వంక చూసుకునేది. హేమసుందరీ దాని వంకే చూసేది. ఇద్దరూ కలిసి ఒక చంటిపిల్ల జ్వరం దిగుతుందా అని చూస్తున్నట్టు చూసేవారు.

కట్టు విప్పిన రోజున కింద లేత గులాబీ చర్మం మెరిసింది. కలిపి పెడితే తలుపు తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. "చర్మం మీదికి అవి మళ్ళీ చేరాలి, ఓపిక పట్టండి," అంది డాక్టరు, ఆవిడకే ఓపిక లేనట్టు. ఇంకొన్నాళ్ళకి ఒక పొద్దున ఆశ లేకుండా మింగిన ముద్దకి, రొమ్ము ఎముక వెనకాల చిన్నగా టక్కుమంది.

అప్పలస్వామి మంచం కోడు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. హేమసుందరి ఆత్రంగా ఇంకో ముద్ద కోసం చూస్తే నీలవేణి లేదు. ఈవిడ సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలోకి వెళ్ళింది. నీలవేణి గోడకి తల ఆనించి ఏడుస్తోంది. అది సంతోషంతో వచ్చే ఏడుపు కాదు. ఎవరైనా వింటారేమోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏటయిందే?" అంది హేమసుందరి.

"ఏం లేదక్కా. పద, అన్నం చల్లారిపోద్ది."

"చెప్పు. నా మీద ఒట్టు."

నీలవేణి నోట్లోంచి కొంగు తీసింది. "భయమేస్తోందక్కా," అంది చివరికి. "నిద్రలో ఈ చెయ్యి కింద పడి నలిగిపోద్దేమో అని గుండెల మీద పెట్టుకుని పడుకుంటున్నాను. పిల్లలకి అన్నం కలిపితే అరిగిపోద్దేమో అనిపిస్తోంది. బిడ్డ పడిపోతూ ఉంటే పట్టుకోడానికి ముందు చెయ్యి చూసుకున్నాను. నాకు జ్వరమొస్తే నువ్వు చచ్చిపోతావు. నేను బస్సు కింద పడితే నువ్వు చచ్చిపోతావు. ఒక్కోసారి..." ఆగిపోయింది.

"ఒక్కోసారి?"

"నువ్వు చచ్చిపోతే ఇదంతా అయిపోద్ది కదా అనిపిస్తుంది. అలాగ అనిపించాక నీకు ముద్ద పెట్టాలంటే నా చేతిని చూస్తేనే నాకు భయం."

హేమసుందరి తనకి కోపం వస్తుందనుకుంది గాని రాలేదు. అలాంటి మాట తను ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలుసు. ఆ పిల్ల చెయ్యి చూసినప్పుడల్లా, అది తన ఒంటికి అతుక్కుని ఉంటే ఎంత బాగుండునో అనుకున్న రోజులున్నాయి. మనిషి అక్కర్లేదు, చెయ్యి చాలు అనుకున్న క్షణాలు కూడా ఉన్నాయి. అవి గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం డాక్టర్ సుభాషిణిని పిలిచి, "ఏదో దారి చూస్తానన్నారు కదా, చూశారా?" అని అడిగింది.

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది. "తలుపు నేర్చుకున్నదంతా మర్చిపోయేలా చేసే మందు ఒకటి తయారుచేశాం. మర్చిపోయాక మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. కానీ ఇప్పుడు మీరు తింటున్నారు కదమ్మా. అవసరం లేదు."

"మనుషులకి వేశారా?"

"లేదు. కుందేళ్ళకి వేశాం. కొన్ని మళ్ళీ తిన్నాయి."

"మిగతావో?"

డాక్టరు తల అడ్డంగా ఊపింది. అప్పలస్వామి లేచి నిలబడి, "ఒద్దండీ, మాకేం ఒద్దు. మా మరదలు మాకు దేవతలాగ..." అంటున్నాడు.

"దేవతా లేదు, గీవతా లేదు. ఆ పిల్ల మనిషి. దానికి మొగుడున్నాడు, కాపురం ఉంది," అంది హేమసుందరి. ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి, "ఈసారి ఏం నేర్పుతారు?" అంది.

"మీ చెయ్యే. ఎవరు వండినా ఫర్వాలేదు, మంట మీద అన్నీ చచ్చిపోతాయి. వండాక మీరే కలుపుకుని తినాలి. మీ చెయ్యి దానికి లెక్కలోకి రాదు కాబట్టి ఎవరి గుర్తూ దానికి అంటదు. కానీ ఆ తర్వాత పరాయి చెయ్యి ఏది తాకినా అది తలుపు వేసేస్తుంది. ఎవరిదైనా సరే. రేపు మీ మనవడు బిస్కట్ ముక్క నోట్లో పెట్టినా దిగదు. ఈ మందు రెండోసారి వెయ్యలేం."

రాయగడలో కూతురికి మొన్ననే మగపిల్లాడు పుట్టాడు. ఫోన్లో ఫొటో చూడటమే, ఇంకా ఎత్తుకోలేదు. హేమసుందరి ఆ ఫొటో ఇంకోసారి తీసి చూసింది. "వెయ్యండి," అంది. చెప్పాక భయంతో దంతాలు టకటకలాడాయి, దుప్పటి కావాలంది.

మందు వేశాక తలుపు దేనికీ పలకని రోజులు గడిచాయి. ఆ తర్వాత ఒక పొద్దున పప్పూ అన్నం ఉన్న గిన్నె ఆమె ముందు పెట్టారు. చేతులు కడుక్కుని తనే కలుపుకుంది.  మింగింది. టక్కుమనలేదు. బరువు, నురగ, బేసిన్. మధ్యాహ్నం అంతే. సాయంత్రం అంతే. మర్నాడు పొద్దున్నా అంతే. లివరు ఇంక ఎన్నాళ్ళో ఆగదని డాక్టరు అప్పలస్వామికి వరండాలో చెబుతుంటే గాజు తలుపులోంచి అతని మొహం కనిపించింది. అంతకన్నా వినాల్సినదేమీ లేకపోయింది.

ఆ మధ్యాహ్నం పక్కన నీలవేణి కూర్చుంది. హేమసుందరి ముద్ద కక్కేసి వెనక్కి వాలగానే ఆ పిల్ల లేచి చేతులు కడుక్కుని వచ్చింది. గిన్నె తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఒక్క ముద్దక్కా. నా చెయ్యి దానికి ఇంకా గుర్తుంటుందేమో. ప్రాణం నిలబడనీ. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

గోరింటాకు పెట్టుకున్నట్టు మచ్చలు పడ్డ ఆ చెయ్యి అన్నం మీదికి వెళ్ళింది. హేమసుందరి కళ్ళు ఆ వేళ్ళ మీదే ఉన్నాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆ చెయ్యి కావాలి. ఆమె ఒళ్ళంతా ఆ ఒక్క ముద్ద కోసం అరుస్తోంది. చావంటే అంత భయం ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె నీలవేణి మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలీదు.

"ఒద్దు. ఇప్పుడు నీ చేత్తో తింటే అది మళ్ళీ నిన్నే నేర్చుకుంటుంది. ఇంక నిన్ను ఒదలదు."

"చచ్చిపోతావక్కా!"

"భయంగానే ఉంది. చాలా భయంగా ఉంది, నీలా. నా ఎడంచెయ్యి పట్టుకుని కూర్చో. నీ చెయ్యి అన్నంలో మాత్రం పెట్టకు."

నీలవేణి ఏడుస్తూ ఆ చెయ్యి పట్టుకుంది. హేమసుందరి కుడిచేత్తో కొత్త అన్నం కలుపుకుంది, కంది గింజంత ముద్ద చేసింది, నమిలింది, నమిలింది, ఇంక నమలడానికేమీ మిగల్లేదు. మింగింది. బొటనవేలు నొక్కినట్టు బరువు మొదలైంది. నోట్లో ఉమ్మి ఊరబోయింది. ఇంక అయిపోయింది, నేను అయిపోయాను అనుకుంది. నీలవేణి గోళ్ళు ఆమె అరచేతిలో దిగబడ్డాయి.

టక్.

ఇద్దరూ కదల్లేదు. ఊపిరి పీలిస్తే మళ్ళీ మూసుకుంటుందేమో అన్నట్టు కూర్చుండిపోయారు.

తర్వాత ఎండాకాలం వెళ్ళిపోయే రోజుల్లో నీలవేణి వాళ్ళు సామాను కట్టుకుని పార్వతీపురం వెళ్ళారు. పాలు పొంగించే రోజుకి హేమసుందరీ అప్పలస్వామీ వెళ్ళారు. చిన్న ఇల్లు, వెనకాల జామచెట్టూ కుళాయీ. హేమసుందరి తన అన్నం డబ్బా తనే తెచ్చుకుంది. అందరూ వరసగా కూర్చుని పులిహోర తింటుంటే ఆమె ఒక పక్కన కూర్చుని తనది తను కలుపుకుని, గింజ గింజకీ ఆగి తింది. ఆ టక్కు కోసం ఎదురుచూసే భయం ఇప్పటికీ పోలేదు. పోదని ఆమెకి తెలిసిపోయింది.

నీలవేణి పిల్లలిద్దరికీ ముద్దలు పెడుతోంది. చిన్నదానికి పెట్టి, పెద్దదానికి పెట్టి, కబుర్లలో పడి మూడో ముద్ద చేసి హేమసుందరి నోటి ముందుకి తెచ్చేసింది. తెచ్చాక గుర్తొచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తీసుకోవడానికీ మనసు రాలేదు ఆ పిల్లకి. అప్పలస్వామి తినడం ఆపి చూస్తున్నాడు.

హేమసుందరి నోరు తెరిచింది.

"అక్కా, ఒద్దు!"

ముద్దని పెదాలతో అందుకుంది. మింగలేదు. నాలుక మీద పెట్టుకుని కూర్చుంది. చింతపండు పులుపు, ఇంగువ, వేరుశనగ పప్పు, వాటి కిందుగా ఆ వేళ్ళ వెచ్చదనం. అన్నం దానంతటదే కరిగిపోయేదాకా అలాగే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. తర్వాత లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి మొత్తం ఉమ్మేసింది. నీలవేణి వెనకాలే చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. పుక్కిలించి, ఒక్క గింజ కూడా గొంతులోకి జారలేదని నిదానంగా చూసుకుని, హేమసుందరి కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇంకోటి పెట్టు," అంది.